డ్రయ్యర్ కొనే ముందు గాలి చూడు

చిట్టితల్లీ,

తలస్నానం చేసిన రోజు ఆఫీసుకు చేరేసరికి కూడా జడ లోపల తడిగానే ఉంటోందని, త్వరగా ఆరబెట్టే హెయిర్ డ్రయ్యర్ ఏదో చెప్పమని అడిగావు. ఎక్కువ పెట్టలేనన్నావు. పెట్టాల్సిన అవసరం కూడా లేదమ్మా.

జుట్టు త్వరగా ఆరేది వేడి వల్లే అనుకుంటాం కానీ, అసలు పని గాలిది. వేడికి నీరు ఆవిరైనా, ఆ తేమ జుట్టు చుట్టూనే నిలిచిపోతే ఆరడం సాగదు. ఉక్కపోత రోజు ఎండలో వేసిన బట్టలు ఆరవు, కాస్త గాలి వీస్తే ఇట్టే ఆరిపోతాయి చూడు, అలాగన్నమాట. అందుకే షాపులో డ్రయ్యర్ ఆన్ చేయించి, కాస్త దూరంగా అరచెయ్యి పెట్టి చూడు. దగ్గర చుర్రుమంటూ, జానెడు దూరం జరగగానే గాలే తగలకపోతే దాన్ని అక్కడే వదిలేసి రా.

పెట్టె మీద వాట్స్ అంకె చూసి మురిసిపోకు. అందులో ఎక్కువ భాగం లోపలి కాయిల్ వేడెక్కడానికే పోతుంది, ఫ్యాన్ వాడుకునేది కొంచెమే. పొట్టి జుట్టుకు 1200 వాట్స్ చాలు. నీలాంటి ఒత్తు జుట్టుకు 1600, 1800 మధ్య చూసుకో. 2000 వాట్స్‌ది 230 వోల్టుల కరెంటు మీద 9 ఆంపియర్ల దాకా లాగుతుంది, 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు పాయింటు అంత తట్టుకోదు. 1600, 1800 వాట్స్‌వి కూడా 7, 8 ఆంపియర్ల దాకా లాగుతాయి కాబట్టి వాటికీ పెద్ద పాయింటే వాడు.

నేను అన్నిటికంటే ముందు చూసేది స్విచ్చులు. చౌక రకాల్లో చాలావాటికి ఒకే స్విచ్చు ఉంటుంది, గాలి పెంచితే వేడీ పెరిగిపోతుంది. గాలికి ఒకటి, వేడికి ఒకటి విడివిడిగా ఉన్నది వెతుకు. గాలి ఫుల్లుగా, వేడి మధ్యలో పెట్టుకోగలిగితే జుట్టు పాడవకుండా త్వరగా ఆరుతుంది. దీనికోసం కాస్త ఎక్కువైనా పెట్టు.

లోపల ఫ్యాన్‌ను తిప్పే మోటార్ల సంగతి క్లుప్తంగా చెప్తాను, పెట్టె మీద డీసీ, ఏసీ అని రాసి ఉండేది వీటి రకమే. డీసీ మోటారుది తేలిక, చౌక. ఏసీ మోటారుది బరువు, కానీ గాలి బలం, మన్నిక ఎక్కువ. బ్రష్‌లెస్ రకం, అంటే లోపల రాసుకుని అరిగిపోయే బ్రష్‌లు లేని మోటారు, బాగుంటుంది కానీ నీ బడ్జెట్‌కు అందదు. వారానికి రెండు మూడుసార్లు వాడేదానికి మంచి డీసీ చాలు. కొనే ముందు చెయ్యెత్తి రెండు నిమిషాలు పట్టుకుని చూడు, భుజం లాగితే ఇంట్లో వాడవు. అయానిక్ అన్నది, అంటే గాలితో పాటు విద్యుదావేశం ఉన్న కణాలను వదిలే ఏర్పాటు, జుట్టు రేగకుండా కొంత పనికొస్తుంది కానీ, త్వరగా ఆరడానికని దానికి డబ్బు పొయ్యకు.

ఎంత మంచి డ్రయ్యర్ అయినా నీళ్లు కారుతున్న జుట్టు మీద పెట్టకు. తడి జుట్టు బలహీనంగా ఉంటుంది, మరీ వేడి తగిలితే వెంట్రుక లోపలి నీరు మరిగి బుడగలు ఏర్పడి, అక్కడికక్కడ తెగిపోతుంది. ముందు మెత్తటి తువ్వాలుతో అద్దు, రుద్దొద్దు. సగం సమయం అక్కడే కలిసొస్తుంది. తర్వాత డ్రయ్యర్‌ను 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ఒక్కచోటే ఆపకుండా కదుపుతూ కుదుళ్ల నుంచి మొదలుపెట్టు. అలా వాడితే ఊరికే వదిలేసి ఆరనిచ్చినదాని కంటే కూడా జుట్టుకు నష్టం తక్కువేనని 2011లో కొరియా పరిశోధకులు ప్రచురించారు. కాబట్టి డ్రయ్యర్ అంటేనే టెన్షన్ పడకు.

వెనకున్న జాలీ ఊడదీసి తుడుచుకునే వీలుందో లేదో కూడా చూడు. దుమ్ము, వెంట్రుకలు పట్టేస్తే గాలి తగ్గుతుంది, లోపల వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. ఆగితే ప్లగ్గు తీసి చల్లారనివ్వు. బాత్రూంలో నీళ్ల దగ్గర మాత్రం అస్సలు వాడొద్దు, స్విచ్చు ఆపినా ప్లగ్గు తీసెయ్యి. కొనే ముందు రెండు మూడింటి ఫొటోలు పంపు, చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ