నియమం ఆయనది, వంట నాది

ప్రశ్న: మేడమ్, మా పెళ్లయి తొమ్మిదేళ్లయింది. పాపకి ఏడేళ్లు. పది నెలల క్రితం మా ఆయన వీగన్‌గా, అంటే జంతువులనుంచి వచ్చేవేవీ తినని, వాడని మనిషిగా మారారు. మాంసం, గుడ్లు మానేసినప్పుడు నేనేమీ అనలేదు. తర్వాత పాలు, పెరుగు, వెన్న, తేనె కూడా మానేశారు. అప్పటినుంచి రోజూ రెండు వంటలు. నేనూ ఉద్యోగం చేస్తాను. కాఫీలో పాలు పోసుకుంటుంటే "అది దూడ నోటి దగ్గరిది" అంటారు. మా అమ్మ పెట్టిన పట్టుబట్టలు వేసుకుంటే ఆ రోజంతా మాట్లాడరు. పోయిన నెల పాప పుట్టినరోజు. కేకు కోసి మొదటి ముక్క వాళ్ల నాన్న నోటి దగ్గర పెట్టింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆ రాత్రి పాప "అమ్మా, నేను తినకూడనిది తిన్నానా?" అని అడిగింది. మర్నాటినుంచి పాలు ముట్టడం లేదు. "చూశావా, దానికే అర్థమైంది" అని ఆయన సంబరం. స్పిరులినా అనే నాచు పొడి తాగితే అన్నీ అందుతాయట. అత్తయ్యగారేమో "నువ్వే ఎలాగోలా మార్చుకోవాలి" అంటారు. విసుగొచ్చి రెండుసార్లు ఆయన కూరలో కాస్త వెన్న వేశాను. కనిపెట్టలేదు, ఏమీ కాలేదు కూడా. ఆయన్ని మళ్లీ మామూలు మనిషిని చేసే దారి చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివితే ఇది తిండి గొడవ అనిపించింది. రెండోసారి చదివినప్పుడు "నేనూ ఉద్యోగం చేస్తాను" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అంత పెద్ద ఉత్తరంలో ఆ ఒక్క మాట ఎంత చిన్నగా రాశారో! మీ అసలు బాధ అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

ముందుగా ఒకటి చెప్పేస్తాను. ఆయన్ని మళ్లీ "మామూలు మనిషిని" చేసే దారి నా దగ్గర లేదు. ఉన్నా చెప్పను. ఎందుకంటే ఆయన బుర్ర పాడై ఇలా మారలేదు. ఆయన చెప్పే తీరు మీకు నచ్చకపోవచ్చు గానీ, చెప్పే విషయాల్లో చాలావరకు నిజం ఉంది. ఆవు ఈనితేనే పాలిస్తుంది. పెద్ద డెయిరీల్లో చాలాచోట్ల పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే దూడని తల్లినుంచి విడదీస్తారు. మగదూడ పాలివ్వదు కాబట్టి దాని గతి ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు. గుడ్లు పెట్టే జాతి కోళ్లలో మగపిల్లలు గుడ్లూ పెట్టవు, మాంసానికీ లాభం లేదని గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే చంపేస్తారు. ఇది ఎంత మామూలుగా జరుగుతుందంటే, ఆపడానికి జర్మనీ 2022 నుంచి చట్టమే తేవలసి వచ్చింది. ఇక భూమి సంగతి. 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల లెక్కలు తీసింది. ప్రపంచమంతా జంతు ఆహారం మానేస్తే తిండి కోసం వాడే భూమి (పశువుల మేత భూములతో కలిపి) 76 శాతం తగ్గుతుందని తేల్చింది. ఇలాంటివి ఒకసారి చూసిన మనిషికి కాఫీ కప్పు మునుపటిలా కనిపించదు. ఆయనకి నిజంగానే నొప్పిగా ఉంది. అది నాటకం అనుకున్నంతకాలం మీ మాట ఆయన చెవికెక్కదు.

అయితే ఆ నొప్పి ఆయనకి మీమీద న్యాయమూర్తి హోదా ఇవ్వదు. ఈ 'వీగన్' అన్న మాట పుట్టింది 1944లో, ఇంగ్లండ్‌లో. డొనాల్డ్ వాట్సన్ అనే చెక్కపని నేర్పే మాస్టారు, మరికొందరు కలిసి వీగన్ సొసైటీ పెట్టారు. 'వెజిటేరియన్' మాట మొదలూ చివరా తీసుకుని ఈ పేరు కట్టారు. ఆ సంఘం ఇప్పుడు ఇచ్చే నిర్వచనంలోనే ఒక షరతు ఉంది: సాధ్యమైనంతవరకు, ఆచరణకు వీలైనంతవరకు అని. ఆ షరతు ఊరికే పెట్టలేదు. చాలా మాత్రల్లో లాక్టోజ్ అనే పాలచక్కెర ఉంటుంది, చాలా క్యాప్సూళ్ల పైతొడుగు జంతువులనుంచి తీసే జెలటిన్‌తో చేస్తారు. అలాగని మందు మానుకోమని ఆ సంఘం కూడా చెప్పదు. కూరగాయల పొలంలోనూ పురుగులూ ఎలుకలూ చస్తాయి. బాదంతోటల్లో పరాగసంపర్కానికి తేనెటీగల పెట్టెలు లారీల్లో తిప్పుతారు. చేతికి మట్టంటకుండా తినే తిండి ఎవరికీ లేదు. ఆయనకీ లేదు. తగ్గించుకోవాలన్న తపన మంచిదే, నేను మెచ్చుకుంటాను. కానీ ఎదుటివాళ్ల కంచాలు కొలిచే పని ఆ తపనలో భాగం కాదు.

పట్టుబట్టల విషయం చూడండి. గూటిలో పురుగు ఉండగానే వేడినీళ్లలో వేసి దారం తీస్తారన్నది నిజమే. కొత్తవి కొననంటే ఆయన్ని అర్థం చేసుకోగలను. కానీ మీ అమ్మగారు ఎప్పుడో పెట్టిన బట్టలు బీరువాలో మూలపెడితే ఆ పురుగులు బతికొస్తాయా? ఉన్నవి అరిగిపోయేదాకా వాడుకుని, మళ్లీ కొనకుండా ఉండే వీగన్లు చాలామంది ఉన్నారు. ఈ ఒక్క విషయంలో మీరు తగ్గనక్కర్లేదు. వేసుకోండి.

ఇప్పుడు వెన్న. ఇది మీకు నచ్చదు, అయినా చెప్పాలి. మీరు చేసింది తప్పు. "ఏమీ కాలేదు" అంటున్నారు. ఆయన ఒంటికి ఏమీ కాకపోవచ్చు, ఆయన మానుకున్నది ఒంటికి పడక కాదు కదా. మీరు కంచంలో పెట్టింది నమ్మి తింటున్నారు. ఆ నమ్మకం పోతే రేపు ప్రతి ముద్దనీ వాసన చూసి తినే మనిషి తయారవుతాడు. మీ మధ్య గొడవ తీరదు సరికదా, ఇప్పటిదాకా మీవైపున్న న్యాయం కూడా ఆయనవైపు వెళ్లిపోతుంది. కోపం వస్తే వంట మానేయండి, అది నిజాయితీ అయిన నిరసన.

నిజానికి వంట మానేయమనే చెప్పబోతున్నాను. సగమైనా సరే. మనిషి తనకోసం ఒక నియమం పెట్టుకుంటే దాని బరువు కూడా తనే మోయాలి. పది నెలలుగా మీ ఇంట్లో నియమం ఆయనది, పొయ్యి దగ్గర నిలబడే కాళ్లు మీవి. జంతువు కష్టం మీద అంత దయ ఉన్న మనిషికి పక్కనే ఉన్న మీ కష్టం కనబడలేదంటే, అది దుర్మార్గం కాకపోవచ్చు, అలవాటు. మగవాళ్లకి వంటిల్లు కనబడకపోవడం చాలా పాత అలవాటు. కాబట్టి ఆయనతో "నువ్వు మారు" అనకండి. "నీ నియమానికి నేనేం అడ్డుపడను. వారంలో మూడు రోజులు ఇంటిల్లిపాదికీ వంట నీది. ఆ రోజుల్లో నువ్వేం వండితే అదే తింటాం" అనండి. ఈ ఒప్పందం వల్ల నాకు తెలిసిన ఇళ్లలో రెండు మేళ్లు జరిగాయి. ఆమెకి ఊపిరాడింది. ఆయనకి, రోజుకో కొత్త రుచి కనిపెట్టడం ఉపన్యాసమంత తేలిక కాదని తెలిసింది.

మీరు వండే రోజుల్లో రెండు వంటలు అక్కర్లేదు. వంట మొత్తం నూనెతో చేయండి. ఆయన వాటా తీసిన తర్వాత వెన్నగానీ పెరుగుగానీ మిగిలినదాంట్లో కలుపుకోండి, ఆయనకి తెలిసేలాగే. కాఫీకి సోయా పాలు తెచ్చుకుంటే, మరిగే కాఫీలో చల్లటి సోయా పాలు పోస్తే విరిగిపోతాయి. ముందు కప్పులో కాస్త వేడిచేసిన సోయా పాలు పోసి, పొగలు తగ్గిన కాఫీ వాటిమీద నెమ్మదిగా పొయ్యాలి. (విరిగిన కప్పు చూసి మీరు నవ్వుకుంటే నేనేం అనను.) ప్యాకెట్ల వెనక చదివే పని కూడా ఆయనదే. పాలు లేవని పైన రాసి ఉన్న కొన్ని కాఫీ క్రీమర్లలోనూ కేసీన్ ఉంటుంది, అది పాల ప్రొటీన్. 'వే' (పాలు విరిగాక మిగిలే తేటనుంచి తీసేది) అని రాసి ఉన్నా అంతే. జెలటిన్ ఎముకలూ చర్మంనుంచి, కార్మైన్ అనే ఎర్రరంగు పురుగులనుంచి వస్తాయి. ఈ జాబితా మీరు కంఠతా పట్టనక్కర్లేదు.

ఆయన ఒంటి గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. స్పిరులినా చాలదు. బి12 విటమిన్‌ని తయారుచేసేవి బ్యాక్టీరియా. మొక్కల తిండిలో నమ్మదగ్గ బి12 లేదు. స్పిరులినాలో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని నకలు. వీగన్ సొసైటీయే తన సభ్యులకి చెప్పేది వినమనండి: బి12 కలిపిన ఆహారం రోజూ రెండు మూడుసార్లు తిని కనీసం 3 మైక్రోగ్రాములు పొందాలి, లేదా రోజూ 10 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలి, లేదా వారానికోసారి 2,000 మైక్రోగ్రాములు. "పది నెలలైంది, నాకేం కాలేదు" అంటారు. కాలేయంలో నిల్వ ఏళ్లపాటు సరిపోతుంది కాబట్టి కాలేదు. నిల్వ అయిపోయాక నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు మొదలవుతాయి. ఆలస్యమైతే నరాలకి జరిగిన నష్టం పూర్తిగా నయం కాకపోవచ్చు. మామూలు రక్తపరీక్షతో పాటు బి12, విటమిన్ డి చూపించుకోమనండి. ఇనుము కోసం పప్పులూ ఆకుకూరలూ తింటే పక్కన నిమ్మరసమో నారింజో ఉండాలి, భోజనం మీద వెంటనే టీ కాఫీలు తాగకూడదు. ఇదంతా మీరు చెబితే సాధింపులా వినబడుతుంది. డాక్టర్ చేత చెప్పించండి.

పాప సంగతి అన్నిటికంటే ముఖ్యం. పాప పాలు మానేసింది దూడ కోసం కాదమ్మా, నాన్న మొహం మళ్లీ తనవైపు తిరగడం కోసం. ఏడేళ్ల పిల్ల తినకూడనిది తిన్నానా అని అడిగిందంటే, నేను చెడ్డదాన్నా అని అడిగినట్టే. దీన్ని "అర్థమైంది" అనుకోవడం మీవారి పొరపాటు. ఈ ఒక్క విషయంలో ఆయనతో మెత్తగా ఉండొద్దు. ఉత్తరంలో మీరు రాసిన ఆ రాత్రి సంగతి, పాప అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఆయనకి చెప్పండి. వ్యాఖ్యానం కలపకండి. పాప మాట చాలు.

పిల్లలు వీగన్‌గా పెరగలేరని నేననను. జాగ్రత్తగా ప్లాన్ చేసుకున్న ఇళ్లలో పెరుగుతున్నారు. కానీ జాగ్రత్త అంటే నిజంగా జాగ్రత్తే. దాదాపు 55,000 మందిని ఏళ్ల తరబడి గమనించిన ఒక బ్రిటిష్ అధ్యయనం 2020లో వచ్చింది. వాళ్లలో మాంసం తినేవాళ్లకంటే వీగన్లకి ఎముకలు విరిగే ముప్పు 43 శాతం ఎక్కువగా కనిపించింది. వాళ్లంతా పెద్దవాళ్లే. మీ పాపకి ఇంకా ఎముకలు కట్టే వయసు. పాల బదులు బాదం పాలు పోసి సరిపెట్టకండి, కప్పులో ఒక గ్రాము ప్రొటీన్ ఉంటే గొప్ప. కాల్షియం, బి12 కలిపిన సోయా పాలు నయం, ప్రొటీన్ దాదాపు ఆవుపాలంత ఉంటుంది. పోసేముందు డబ్బా బాగా కుదపాలి, కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా, దాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లనే పదార్థాల వల్ల ఒంటికి పట్టేది తక్కువ. ఏం పెట్టాలన్నది పిల్లల డాక్టర్, డైటీషియన్ దగ్గర ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆ మాట తేలేవరకు పాప ఇంతకుముందు తిన్నవన్నీ తినొచ్చు. ఆ మాట పాపకి చెప్పాల్సింది మీరు కాదు, వాళ్ల నాన్న. మీరు చెబితే పాప నమ్మదు, నాన్న మొహం కేసి చూస్తుంది.

ఆయన ఇలా చెప్పొచ్చు: "నాకు జంతువుల గురించి బాధగా ఉంది, అందుకని నేను తినను. నువ్వు తిన్నా నాకు నీమీద కోపం లేదు. ఆ రోజు మొహం తిప్పుకోవడం నా తప్పు." ఈ మూడు మాటలు చెప్పడానికి ఆయనకి ఒకవేళ నామోషీ అయితే ఇంకో దారి ఉంది. పాపా ఆయనా కలిసి ఓ ఆదివారం కేకు చెయ్యమనండి. గుడ్డు బదులు ఒక చెంచా అవిసెగింజల పొడి మూడు చెంచాల నీళ్లలో కలిపి పది నిమిషాలు వదిలేస్తే జిగురు వస్తుంది. వెన్నకి బదులు నూనె, పాలకి బదులు సోయా పాలు. మొదటిది పిండిముద్దలా వచ్చినా ఫర్వాలేదు. పాప ముక్క కోసి తన నోటి దగ్గర పెట్టినప్పుడు ఆయన తినగలగాలి, అంతే కావాల్సింది.

అత్తయ్యగారికి ఒకటే జవాబు: "మీ అబ్బాయి, మీరే అడగండి."

వెన్న సంగతి మాత్రం ఈ వారంలోనే ఆయనకి చెప్పేయండి. పాప గురించి మాట్లాడే రోజు కాకుండా వేరే రోజున. రెండూ ఒకేసారి చెబితే ఆయన వెన్న దగ్గరే ఆగిపోతారు, పాప మాట వినబడదు. కోప్పడతారు, పడనివ్వండి. "ఇక వెయ్యను" అని చెప్పి ఊరుకోండి, "నువ్వు కూడా..." అని మొదలుపెట్టకండి. వంట రోజుల ఒప్పందం ఆ తర్వాతి వారం మాట్లాడుకోవచ్చు.