అమెరికా బేస్‌బాల్‌లో అగ్రస్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచే ఆడిన మూన్‌లైట్ గ్రాహం తర్వాత ఏమయ్యాడు?

డాక్టర్ అయ్యాడు. ఇంకా చెప్పాలంటే, ఆడే రోజుల్లోనే వైద్యం చదువుతున్నాడు.

మూన్‌లైట్ అనేది ముద్దుపేరు, అసలు పేరు ఆర్చిబాల్డ్ గ్రాహం, నార్త్ కరోలినా మనిషి. 1905 జూన్ 29న న్యూయార్క్ జెయింట్స్ జట్టు తరఫున బ్రూక్లిన్ జట్టు మీద జరిగిన మ్యాచ్‌లో, చివర్లో రైట్ ఫీల్డ్‌లోకి (మైదానంలో కుడివైపు ఫీల్డింగ్ చోటు) దిగాడు. అప్పటికే జెయింట్స్ గెలుపు ఖాయం, చివరికి స్కోరు 11-1. బ్యాటింగ్‌లో తర్వాతి వంతు అతనిదే. సరిగ్గా ముందున్నవాడు ఔటైపోవడంతో ఇన్నింగ్స్ ముగిసింది. మన క్రికెట్ భాషలో అయితే ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు, పిలుపు రాలేదు. రికార్డుల్లో అతని పేరు పక్కన బ్యాటింగ్ అంకె సున్నా. అవుటైన సున్నా కాదు, అసలు ఆడని సున్నా!

మరో మూడేళ్లు చిన్న లీగుల్లో ఆడి, 1909 ప్రాంతంలో మిన్నెసోటాలోని చిజమ్ అనే ఇనుప గనుల ఊరు చేరాడు. ఇక అక్కడే ఉండిపోయాడు. దశాబ్దాల పాటు బడి పిల్లల డాక్టర్. నాకు ఆటకంటే ఆసక్తిగా అనిపించేది ఇక్కడే: ఏళ్ల తరబడి ఆ పిల్లల బీపీ చూసి రాసుకున్నాడు. పిల్లల రక్తపోటుపై ఆ పరిశోధన మరో ఇద్దరితో కలిసి 1945లో వైద్య పత్రికలో అచ్చయింది.

1965లో చనిపోయాడు. 1989 నాటి హాలీవుడ్ సినిమాలో అతని మ్యాచ్‌ని 1922కి మార్చేశారు, చాలామంది అదే నిజమనుకుంటారు.