మనుషులు లేరనుకున్న ఫోటో

"మాది నల్గొండ పక్కన పల్లె. ఫోటోలంటే పిచ్చి, కానీ అందరూ సాగర్ డ్యాం గేట్లనో పిల్లలమర్రి గుళ్లనో తీసి పెడుతుంటారు. మా ఊళ్లో తీయడానికి ఏముంది? మీరు తీసిన మామూలు ఫోటో ఏదైనా ఉంటే దాని వెనక ముచ్చట చెప్పండి" అని అడిగారు మీరు.

సాగర్ నేనూ తీశాను. 26 గేట్లూ ఎత్తిన రోజు కింది వంతెన మీద నిలబడి, తుంపర్లకు తడిసిన లెన్సును కొంగుతో తుడుచుకుంటూ వందకు పైగా తీశాను. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలబడే నీడను కూడా తీశాను. బాగానే వచ్చాయి. కానీ ఆ రోజు నా పక్కన నిలబడ్డ వాళ్లందరి దగ్గరా అవే ఫోటోలు ఉంటాయి. వాటి గురించి చెప్పమంటే నేను వెళ్లానని తప్ప చెప్పడానికి ఏమీ లేదు. నేను చెప్పగలిగింది ఒక బిందెల వరస గురించి.

2011లో మర్రిగూడ వైపు ఒక ఊళ్లో నాకు టీచర్ ఉద్యోగం. రోజూ నల్గొండ నుంచి పొద్దున్నే బస్సు. నేను దిగేచోటే నల్లా గద్దె ఉండేది. బోరు నీళ్లు గిన్నెలకూ గొడ్లకూ, రోజు విడిచి రోజు వచ్చే కృష్ణా నీళ్లు తాగడానికీ వంటకూ. అటువైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువో నల్గొండ వాళ్లకు చెప్పక్కర్లేదు. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు అని పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే, దానికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. మన ఊరి పేరు పుస్తకంలో కనబడగానే పిల్లలు సంబరపడేవారు. ఆ సంబరం చూస్తే నాకు గొంతులో ఏదో అడ్డం పడేది.

ఒకరోజు బస్సు దిగేసరికి నల్లా ఇంకా రాలేదు. ఆడవాళ్లు ఇళ్లలో పనులు చేసుకుంటున్నారు. గద్దె ముందు బిందెలు మాత్రం వరసగా ఉన్నాయి: స్టీలువి, ఇత్తడివి, ఒకటి ఆకుపచ్చ ప్లాస్టిక్‌ది. కొన్నిట్లో చుట్టకుదురు పెట్టి ఉంది. ఎండ అప్పుడే ఇళ్ల మీదుగా వాలుగా పడుతోంది. నా దగ్గర ఉన్నది చిన్న డిజిటల్ కెమెరా. మోకాళ్ల మీద కూర్చుని, బిందె మెడ ఎత్తుకు దించి పట్టుకున్నాను. లోహం మెరుపు చూసి కెమెరా ఫోటోను చీకటి చేసేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాను. నాలుగు తీసేసరికి బడి గంట.

"బిందెలకు ఫోటో ఏంది మేడం? మమ్ముల తీయరాదు?" అని ఒకామె దర్వాజలోంచి నవ్వింది.

ఇంటికెళ్లి కంప్యూటర్లో చూసుకుంటే నాలుగోది నిజంగా బాగుంది. ఒక్కటే లోపం అనిపించింది: వరస మొదట్లో బిందె లేదు, ఒక పెద్ద నల్లరాయి ఉంది. మోరీ పక్కన ఎవరో పడేసినట్టు ఉంది. మెరుస్తున్న బిందెల ముందు అది అడ్డుగా కనిపించింది. ఎడమవైపు అంతా కత్తిరించేశాను. నల్గొండ గడియారం సెంటర్ దగ్గరి ల్యాబులో ప్రింట్లు వేయించి, ఒకటి ఆ వాడవాళ్లకు ఇద్దామని సంచిలో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఫోటో చేతికివ్వగానే గద్దె దగ్గర ఏడెనిమిది మంది మూగారు. మనుషులే లేని ఫోటో, వీళ్లకు ఏం నచ్చుతుందిలే అనుకున్నాను. వాళ్లు మనుషులనే చూస్తున్నారు.

"ఇగో, నేను!" అని ఒకామె మూడో బిందె మీద వేలు పెట్టింది. "పెండ్లికి మా నాయిన ఇచ్చిండు. అంచు మీద పేరు గూడ కొట్టిచ్చిండు, సూడు." పెద్దది చేసి చూస్తే తప్ప నాకు కనబడని అక్షరాలు అవి. ఇంకొకామె తన బిందె సొట్టను బట్టి గుర్తుపట్టింది. కొడుకు సైకిల్ మీదికెళ్లి పడేసిన సొట్ట. ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నది: "నాది ఇత్తడిదే ఉండె మేడం. బోరుకు పైసలు తక్కువైతే అమ్మినం. బోరు పడలే, బిందే పాయె."

పది నిమిషాల్లో నా బిందెల ఫోటో వాడ మొత్తం కూర్చుని దిగిన ఫోటో అయిపోయింది. ఎవరి పక్కన ఎవరు ఎందుకున్నారో, ఆ రోజు ఎవరు ఆలస్యంగా వచ్చారో అన్నీ చెబుతున్నారు. పల్లె ఇళ్ల దర్వాజలనూ బతుకమ్మలనూ ఏళ్ల తరబడి ఫోటోలు తీసిన మన భరత్ భూషణ్ గారి పని విలువ నాకు ఆ గద్దె మీదే తెలిసింది. గుమ్మంలో మనిషి నిలబడకపోయినా ఆ ఇంటి మనిషి అందులో ఉంటుంది.

అప్పుడు ప్లాస్టిక్ బిందె ఆమే అడిగింది: "మేడం, ముందట రాయి ఉండాలె. ఏది?"

"కట్ చేశాను" అన్నాను. ఎందుకో గొంతు తగ్గింది.

"అయ్యో, అది మా అవ్వది."

ఆ వాడలో ఒక ముసలవ్వ ఉంది. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్‌తో వెన్ను బిగుసుకుపోయింది, మెడ అటూ ఇటూ తిరగదు, వంగలేదు. ఎముకలను పట్టి ఉంచే నరాల్లాంటి బంధనాలు కూడా గట్టిపడి ఎముకలా అయిపోతాయి ఈ జబ్బులో. ఆమె బిందె మోయలేదు. అయినా ఆమె వంతు ఆమెదే. రాత్రే ఎవరో ఒకరు ఆమె పేరు మీద ముందు రాయి పెడతారు. నల్లా రాగానే మొదటి బిందె ఆమె ఇంటికి పోతుంది. "మరి మీ బిందెతోనే పోసి రావచ్చు కదా, రాయి ఎందుకు?" అని అడిగాను. ఆ ప్రశ్నకు ఒకామె నా ముఖంలోకి చూసి, "మేం దయదలిచి ఇచ్చినట్టు అయితది గద మేడం. లైన్ల ఉంటే ఆమె నీళ్లు ఆమెకు" అన్నది.

మొత్తం వాడ ఎంతో గౌరవంగా పెట్టుకున్న దాన్ని అందంగా లేదని నేను కోసేశాను.

కాబట్టి ఊళ్లో తీయడానికి ఏముంది అంటే, నా జవాబు: మీరు తీసినదాన్ని ప్రింటు వేయించి, ఎక్కడ తీశారో అక్కడికే తీసుకెళ్లండి. ఫోన్లో చూపిస్తే చాలదు, కాగితం నలుగురి చేతులు మారాలి. ముచ్చట చెప్పేది వాళ్లు, మీరు కాదు. కత్తిరించినా సరే, అసలు ఫైలు మాత్రం చెరపొద్దు. నా అదృష్టం కొద్దీ నేను చెరపలేదు. ఇంకొకటి, మనుషులు కనిపించకపోయినా ఫోటో బయట పెట్టేముందు వాళ్లను అడగండి. బిందె మీద పేరుంటుంది మరి. ఆ ఫోటోను ఇక్కడ పెట్టకపోవడానికి కారణం కూడా అదే.

తర్వాతి వారం మొత్తం ఫోటో, రాయితో సహా, 12×18 సైజులో వేయించి అవ్వ ఇంటికి వెళ్లాను. మంచంలో ఒరిగి ఉంది. మెడ తిప్పలేదు కాబట్టి ఫోటోను ఆమె కళ్లకు ఎదురుగా పట్టుకుని, కుడి చివర నుంచి ఎడమ చివర దాకా కనిపించేలా నేనే మెల్లగా జరిపాను. ఒక్కో బిందె వస్తుంటే వాళ్ల ఇంటి పేరు చెప్పుకుంటూ పోయింది. చివరికి రాయి వచ్చింది. కొంగుతో ఆ చోట ఒకసారి తుడిచింది.

"నా వంతు మంచిగ వచ్చింది బిడ్డా" అన్నది.

2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక కొంతకాలానికి ఆ ఊళ్లో ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. అప్పటికి అవ్వ లేదు, నాకు బదిలీ అయింది. పోయినేడు ఒక పెళ్లికి వెళ్లినప్పుడు చూశాను, గద్దె ఉంది, వరస లేదు. పిల్లలు గద్దె ఎక్కి దూకుతున్నారు. ఎక్కడానికి మెట్టు కావాలి కదా, ఆ నల్లరాయిని కిందికి జరుపుకున్నారు.