గ్రావెల్ తీర్మానం రాసే ముందు

గుంటూరు

బుజ్జమ్మా,

సర్పంచ్‌గా నీ ముందుకొచ్చిన మొదటి పెద్ద ఫైలు గ్రావెల్ క్వారీ దరఖాస్తేనని మీ నాన్న చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల సంతకానికి ఊరంతా ఎదురుచూస్తోందంటే ఎంత గర్వంగా ఉందో! గుబులూ అంతే ఉంది. ఇది ఫోనులో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

లీజు ఇచ్చేది గనుల శాఖ. పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి కాగితాలు వేరు. పంచాయతీ చేతిలో ఉండేది తీర్మానం. ఒప్పుకున్నా కాదన్నా, అందులో ఏం రాశారన్నదే రేపు పనికొస్తుంది.

అడంగల్, 1బి, ఎఫ్ఎంబీ (పొలం హద్దుల కొలతల పటం), మైనింగ్ ప్లాను కాపీలు ముందే తెప్పించుకో. గ్రామసభకు చాటింపు వేయించు. చదవకుండా సంతకం పెట్టకు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది పాత తీర్మానాల్లో పదే పదే దొర్లిన ఒక తప్పు గురించి. 'సర్వే నంబరు ఫలానాలో గ్రావెల్ తవ్వకానికి అభ్యంతరం లేదు' అని ఒక్క వాక్యం రాసి సంతకాలు చేసేసేవారు. ఆ సర్వే నంబరులో ముప్పై ఎకరాలుంటే లీజు అడిగింది పన్నెండే. మిగతా పద్దెనిమిదిలోకి పొక్లెయిన్ దిగినా, తీర్మానం చూపించి నోరు మూయించేవారు. కాబట్టి సబ్ డివిజన్ నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు, మూలరాళ్ళ జీపీఎస్ రీడింగులు తీర్మానంలోనే ఉండాలి.

అంతకంటే పెద్ద నష్టం నేల మట్టం దగ్గర జరిగేది. తవ్వకముందు నేల ఎంత ఎత్తున ఉందో ఎవరూ రాసి పెట్టేవారు కాదు. రెండేళ్ళ తర్వాత కొలవడానికి వస్తే, 'ఇక్కడ మొదటినుంచీ పల్లమేనండీ' అన్న మాటకు ఎదురుండేది కాదు. ఎంత పోయిందో తేలకపోతే జరిమానా దేని మీద వేస్తారు? అందుకే పని మొదలవకముందే లీజు హద్దుకు బయట, కదలని చోట, బడి అరుగు మీదో కల్వర్టు గోడ మీదో, బెంచ్ మార్క్, అంటే ఎత్తులు కొలవడానికి ఆధారంగా ఉండే గుర్తు, పెయింటుతో వేయించు. దాన్నుంచి లీజు మొత్తానికి 20 మీటర్ల గళ్ళలో లెవెల్స్ (నేల ఎత్తులు) తీయించి, సర్వేయరు సంతకంతో ఒక కాపీ పంచాయతీ రికార్డులో పెట్టు. ఒక్కో గడి 400 చదరపు మీటర్లు. అందులో ఒక్క మీటరు అదనంగా తవ్వితే 400 ఘనపు మీటర్లు, తవ్వాక పొంగి సుమారు 480 అవుతుంది. పది చక్రాల టిప్పరుకు 12 ఘనపు మీటర్ల లెక్కన 40 లోడ్లు. ఆ రిజిస్టరు ఉంటే గడి గడికీ లెక్క తేలుతుంది. తవ్వుతున్నప్పుడు అక్కడక్కడా పాత మట్టం తెలిసేలా మట్టి దిమ్మలు వదలాలని కూడా రాయించు. కొలతలయ్యేదాకా వాటిని ముట్టుకోకూడదు.

దరఖాస్తులో లోతు 6 మీటర్లు అని ఉంటే ఆగి చూడు. గ్రావెల్ గుంట 6 మీటర్లు దాటకుండా, 50 మందికి మించి పనిచేయకుండా, పేలుడు పదార్థాలు వాడకుండా ఉంటే 1952 గనుల చట్టంలోని చాలా భాగం దానికి వర్తించేది కాదు; 2025లో ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. 1961 మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో గ్రావెల్‌ గుంట గోడను మెట్లుగా కోస్తే మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటరాదని, వెడల్పు ఎత్తుకు తగ్గరాదని, లేదా వాలు 45 డిగ్రీలు మించరాదని ఉంది. హద్దు నుంచి 7.5 మీటర్లు తవ్వకుండా వదలాలనీ ఉంది. చట్టం వర్తించకపోయినా ఇవే షరతులు నువ్వు రాయించుకో. నిట్టనిలువుగా కోసి వదిలేసిన గుంటలో వానాకాలం నీళ్ళు నిలుస్తాయి. ఈతకు దిగిన పిల్లాడికి ఎక్కడానికి మెట్టుండదు. మన చేబ్రోలు, వడ్లమూడి వైపు పెరిగినదానివి, ఆ గుంటలు నీకు కొత్త కాదు. చుట్టూ కంచె, తవ్వకం అయ్యాక వాలు చేసి పూడ్చే బాధ్యత ఎవరిదో తేలకుండా అభ్యంతరం లేదన్న మాట రాయకు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడితే ఊరుకోను.

నువ్వు కూడా, సైటు చూడ్డానికి వెళ్ళినప్పుడు అంచున నిలబడి ఫొటోలు దిగకు. పొక్లెయిన్ అడుగున తోడేస్తుంది, పైన నేల గట్టిగానే కనిపిస్తుంది. అంచుకు సమాంతరంగా వెంట్రుకంత బీట కనబడినా వెనక్కి వచ్చెయ్, తల్లీ.

లీజు విస్తీర్ణం 5 హెక్టార్లు దాటకుండా 4.8 అని వేశారట కదా. ఒక లీజు అంచు నుంచి ఇంకో లీజు అంచుకు దూరం 500 మీటర్ల లోపు ఉంటే రెంటినీ క్లస్టరుగా కలిపి చూడాలి. మొత్తం 5 దాటితే ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు, చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించడం తప్పనిసరి. పక్క లీజుల మ్యాపు అడుగు.

ఇక రోడ్డు. తవ్వేది 4 హెక్టార్లనుకున్నా 6 మీటర్ల లోతుకు 2,40,000 ఘనపు మీటర్లు, పొంగి 2,88,000, అంటే 24,000 లోడ్లు. ఐదేళ్ళలో, ఏడాదికి 250 పనిరోజులైతే రోజుకు 19. ఒక్క ఏడాదిలో లాగేస్తే 96, రానూపోనూ 192 సార్లు బడి ముందు నుంచి. కాబట్టి రోజువారీ గరిష్ఠ లోడ్లు, వెళ్ళే దారి, బడి వేళల్లో నిలుపుదల, టార్పాలిన్, నీళ్ళు చల్లడం అంకెలతో సహా రాయించు.

శనివారం మైనింగ్ ప్లాను, ఎఫ్ఎంబీ పట్టుకుని ఇంటికి రా. హద్దులు కలిసి సరిచూద్దాం. తీర్మానం ముసాయిదా మాత్రం నువ్వే రాసి తీసుకురా.

ఆశీస్సులతో,
పెదనాన్న