రెండు విమానాలు గుద్దుకునేలా ఉంటే కంట్రోలర్ మొదట ఏం చెప్పాలి?

విజయనగరంలో ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) పరీక్షకు చదువుతున్న తమ్ముడు అడిగింది: ఒకదాన్ని పైకి, ఇంకోదాన్ని కిందికి పంపేస్తే సరిపోదా?

సరిపోదు తమ్ముడూ. శ్రీకాకుళం మీద విమానాల తెల్లచారలు ఒకదాన్నొకటి కోసుకున్నట్టు కనబడినా మధ్యలో మామూలుగా వెయ్యి అడుగులు ఉంటాయి, దానికి కంగారక్కర్లేదు. ఒకే ఎత్తులో ఎదురెదురైతేనే ప్రాణాల మీదికొస్తుంది. ఒక్కోటి 480 నాట్లతో (గంటకు 480 నాటికల్ మైళ్లు) వస్తే నిమిషానికి 16 నాటికల్ మైళ్లు దగ్గరవుతాయి. రాడార్ కింద ఉంచే 5 మైళ్ల ఎడం 19 సెకన్లలో అయిపోతుంది. తెర మీద చుక్క కొన్ని సెకన్లకోసారే కదులుతుంది కాబట్టి నీకు కనబడేది ఎప్పుడూ కాస్త పాత స్థానమే.

అందుకే రెండు విమానాలు మరీ దగ్గరవుతున్నాయని నీ తెర మీద అలర్ట్ మోగగానే పక్కకు తిప్పు. ముందు కాల్‌సైన్ (రేడియోలో ఆ విమానాన్ని పిలిచే పేరు), ఆపైన "టర్న్ రైట్ ఇమీడియట్లీ, హెడింగ్" (ముక్కు తిప్పాల్సిన దిక్కు, డిగ్రీల్లో) ఇంత, ట్రాఫిక్, అంటే అవతలి విమానం, గడియారం ముల్లు లెక్కన ఏ గంట దిక్కున, ఎన్ని మైళ్లలో ఉందో. "ఇమీడియట్లీ" వదిలేస్తే పైలట్ తీరుబడిగా తిప్పుతాడు. ఎదురెదురుగా వస్తుంటే రెండింటినీ కుడికి, అడ్డంగా దాటుతుంటే ఒకదాన్ని రెండోదాని తోక వెనక్కి. క్రూయిజ్‌లో జెట్ సెకనుకు సుమారు ఒక డిగ్రీయే తిరుగుతుంది. 30 డిగ్రీలకు అరనిమిషం పడుతుంది, ఆలస్యమైతే ఆ మలుపు ఎందుకూ కొరగాదు.

కాల్‌సైన్ సరిచూసుకో. 2001 జనవరిలో జపాన్‌లో జపాన్ ఎయిర్‌లైన్స్ 958కి ఇవ్వాల్సిన డిసెండ్ (దిగు) ఆదేశం అదే సంస్థ 907కి వెళ్లింది. రెండు విమానాలూ వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి.

ఎత్తు జోలికి ఎందుకు వద్దంటే, రెండు విమానాల టీకాస్‌లు (గుద్దుకోకుండా పైలట్‌ను హెచ్చరించే, విమానంలోనే ఉండే పరికరాలు) తమలో తాము మాట్లాడుకుని ఒకదానికి క్లైంబ్ (ఎక్కు), ఇంకోదానికి డిసెండ్ ఇస్తాయి. పక్కకు తిరగమని అవి చెప్పవు, అందుకే నీ మలుపు వాటికి అడ్డురాదు, నీ "డిసెండ్" అడ్డొస్తుంది. 2002 జూలై 1న జర్మనీలోని యూబర్లింగెన్ మీద జరిగింది అదే. కంట్రోలర్ టుపోలెవ్ విమానాన్ని దిగమన్నాడు, దాని టీకాస్ ఎక్కమంది, అవతలి బోయింగ్ తన టీకాస్ మాట విని దిగింది. టుపోలెవ్ సిబ్బంది కంట్రోలర్ మాటే విన్నారు. 71 మంది పోయారు. ఆ రాత్రి ఆ కంట్రోలర్ ఒక్కడే రెండు స్థానాలు చూస్తున్నాడు, అలర్ట్ వ్యవస్థ పూర్తిగా పనిచేయడం లేదు. తప్పంతా అతని మీదికి తోయడం అన్యాయం.

పైలట్ "టీకాస్ ఆర్ఏ" (టీకాస్ ఇచ్చిన ఎక్కు-దిగు ఆదేశం పాటిస్తున్నా) అన్నాడా, "రోజర్" (విన్నాను) అని ఊరుకో. ఎత్తూ వద్దు, మలుపూ వద్దు. దగ్గర్లోని మూడో విమానాన్ని మాత్రం దూరం జరుపు. పైలట్ "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" (ముప్పు తప్పింది) అన్నాకే మళ్లీ క్లియరెన్స్ (నీ అనుమతి). ట్రాన్స్‌పాండర్ (విమానం తన ఉనికిని తెలిపే రేడియో పరికరం) లేని విమానం టీకాస్‌కు కనబడదు, అప్పుడు నీ మలుపే దిక్కు.

గండం గడిచాక వెంటనే సీటు ఇంకొకరికి అప్పగించి, జరిగింది జరిగినట్టు రాసిపెట్టు.