ముప్పై అయిదో బెర్రీ ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: నాణేలు సేకరించడం నా సరదా. ఎనిమిది నెలల క్రితం 1840 నాటి విక్టోరియా వెండి రూపాయిని 22 వేలకు కొన్నాను. 'ఆకుల దండలో 35 బెర్రీలు, అరుదైన రకం' అని వ్యాపారి రసీదులో రాసిచ్చారు. (బెర్రీలంటే దండలో ఆకుల మధ్య ఉండే చిన్న గుండ్రటి కాయలు.) మొన్న ఒక పెద్దాయన భూతద్దంతో చూసి, ఉన్నవి 34 మాత్రమేనని, మిగిలింది అచ్చులోని లోపమని తేల్చారు. వ్యాపారి ఒప్పుకోవడం లేదు. కేసు వేయవచ్చా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ రసీదును భద్రంగా దాచండి. మీ బలమంతా అందులోని '35 బెర్రీలు' అన్న మాటలోనే ఉంది. అది వస్తువు వర్ణన. వర్ణన చెప్పి అమ్మిన సరుకు దానికి సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ అంటోంది. 'అరుదైన' అన్నది మాత్రం చాలావరకు అమ్మేవాడి అభిప్రాయం. వస్తువు విలువ గురించి పొరపాటు పడినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదని కాంట్రాక్టు చట్టం 20వ సెక్షన్ వివరణ స్పష్టంగా చెబుతోంది. కాబట్టి 'ఎక్కువ ధర పెట్టాను' అని వాదించకండి, 'చెప్పిన రకం ఇవ్వలేదు' అనండి.

ఇక అసలు చిక్కు లెక్క దగ్గరే ఉంది. 1840 అన్న తేదీతోనే ఈ రూపాయలను 1862 వరకు ముద్రించారు. అన్నేళ్లలో ఎన్ని అచ్చులు అరిగి ఉంటాయో! అచ్చు గుంటలో మురికి పూడితే ఉన్న బెర్రీ మాయమవుతుంది, అచ్చు పెచ్చు ఊడితే లేనిది మొలుస్తుంది. ఒక కక్షిదారు తెచ్చిన ఇలాంటి రూపాయినే నేను అరగంట చూశాను. దీపం కుడివైపు ఉంటే బెర్రీ, ఎడమకు జరిపితే ఆకు కొన!

అందుకే నిపుణుడి మాట కావాలి. భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ దానికి వీలు కల్పిస్తోంది కానీ, అది న్యాయమూర్తిని కట్టిపడేయదు. 'నా అనుభవంలో ఇది 34' అంటే చాలదు. వివాదం లేని 35 బెర్రీల నాణెం పక్కన పెట్టి తీసిన పెద్ద ఫోటోలు, ఎందుకు కాదో కారణాలు ఉండాలి. ఇద్దరు నిపుణులు నిజాయితీగానే చెరో మాట చెబితే, రుజువు భారం మీదే గనుక ఓడిపోయే అవకాశమూ ఉంది.

పోలీసుల దగ్గరికి పోకండి. అమ్మేనాడే మోసగించే ఉద్దేశం ఉందని చూపలేకపోతే అది చీటింగ్ కాదు, కేవలం సివిల్ తగాదా.

ఈ వారమే వ్యాపారికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. అభ్యంతరం చెప్పకుండా సరుకును చాలాకాలం ఉంచుకుంటే అంగీకరించినట్టే లెక్క. అప్పుడు నాణెం తిరిగిచ్చే హక్కు పోయి, నష్టపరిహారం అడగడమే మిగులుతుంది. ఎనిమిది నెలలయింది గనుక వ్యాపారి ఈ వాదన తప్పక ఎత్తుతారు. నోటీసుకు స్పందించకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. కొన్న నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది, ఈ మొత్తానికి ఫీజు లేదు. అయితే తిరిగి అమ్మి లాభం చేసుకోవడానికి కొని ఉంటే మీరు 'వినియోగదారు' కిందకు రారు.

నాణేన్ని తోమకండి, పాలిష్ చేయించకండి. మరొక మాట: ధ్రువీకరణ కోసమని విదేశాలకు పంపే ఆలోచన ఉంటే మానుకోండి. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం కింద పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అప్పుడు ఫిర్యాదుదారుగా ఉండాల్సిన మీరే ముద్దాయి అవుతారు.