బడి మూతపడినప్పుడు ఇంట్లో కోడింగ్ నేర్చుకోవడానికి రోజంతా ఇంటర్నెట్ కావాలా?

అక్కరలేదు, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ 2007లో ఉచితంగా విడుదల చేసిన స్క్రాచ్ అనే పిల్లల కోడింగ్ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఒక్కసారి దించుకుంటే, ఆ తరవాత నెట్ లేకుండానే పనిచేస్తుంది. ఎక్కువ డేటా ఖర్చయ్యేది వీడియో పాఠాలకే. పిల్లలు పేర్చిన ఆదేశాలను నడిపేది వాళ్ల ముందున్న యంత్రమే.

తిరుపతి పిల్లలకు అలిపిరి మెట్లే చక్కని ఉదాహరణ. తెర మీది బొమ్మ చేత సుమారు 3,550 మెట్లు ఎక్కించడానికి ‘ఒక మెట్టు ఎక్కు’ అని అన్నిసార్లూ రాయనక్కరలేదు. ‘దీన్ని 3,550 సార్లు చెయ్యి’ అంటే చాలు. దాన్నే లూప్ అంటారు. కంప్యూటర్ లేని ఇంట్లో దీన్ని కాగితం మీదే నేర్పవచ్చు, తప్పక నేర్పాలి కూడా.

ఇంగ్లిష్ టైపింగ్ వస్తేనే కోడింగ్ అనుకొని చాలామంది పిల్లలను ఆపేస్తారు. అది పొరపాటు. స్క్రాచ్‌లో రంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలిస్తే సరిపోతుంది. చిన్నపిల్లల స్క్రాచ్ జూనియర్‌కైతే చదవడం రావలసిన పని కూడా లేదు.